కొట్టుకునే గుండె

నిన్న ఆఫీసు మూలనున్న పాత కంప్యూటర్ ఆన్ చేస్తే వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. దమ్మపేటలో మా బడి కంప్యూటర్ గదిలోనూ ఇదే వాసన; అక్కడ ఎనిమిదో తరగతి చదివిన రోజులు గుర్తొచ్చాయి.

దసరా సెలవుల్లో మా చిన్నాన్న నన్ను వైరాలోని ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకెళ్లి ఒక వెబ్‌సైట్ చూపించాడు. తెరమీద గుండె బొమ్మ నిజంగానే కొట్టుకుంటోంది. నెత్తురు లోపలికీ బయటికీ పారుతోంది. దాని అడ్రసు బస్సులో ఇంటిదాకా వల్లె వేశాను.

బడిలో చెబితే ఎవరూ నమ్మలేదు. "బొమ్మల గుండె కొట్టుకుంటదా? గప్పాలు కొట్టకే" అంది నా పక్కన కూర్చునే సుజాత. చూపిద్దామంటే, అది వైరాలోని ఆ కంప్యూటర్‌లోనే ఉంటుందని నా నమ్మకం.

చలికాలంలో మా బడికి నెట్ వచ్చింది. సైన్సు సారు మంచి వెబ్‌సైట్ ఎవరికైనా తెలుసా అని అడిగారు.

"నాకు తెలుసు సార్. కానీ అది వైరాల ఉంది" అన్నాను.

అందరూ నవ్వారు. సారు మాత్రం లేచి కంప్యూటర్ ముందున్న తన కుర్చీ నాకిచ్చారు. "అడ్రసు కొట్టు బిడ్డా, అది ఈడికి గూడ వస్తది."

ఒక్కో అక్షరం వెతికి కొట్టాను. తెర చాలాసేపు తెల్లగానే ఉంది. కొట్టిన అడ్రసును అక్షరం అక్షరం మళ్లీ సరిచూసుకున్నాను. అప్పుడు పైనుంచి కొంచెం కొంచెంగా గుండె కనిపించి, కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"అవ్, నిజమేనే!" అని సుజాత అరిచింది. గది దద్దరిల్లింది.

సాయంత్రం జీడిమామిడి తోటల దారిలో తరగతి తరగతంతా ఆ అడ్రసును గట్టిగా అరుచుకుంటూ ఇళ్లకు నడిచాం. తర్వాత చాలా పరీక్షల్లో ఫస్టు వచ్చాను. నాకొక్కదానికే తెలిసిన అడ్రసును అందరి నోటా విన్న ఆనాటి గర్వం మాత్రం మళ్లీ ఎందులోనూ దొరకలేదు.