ఎక్కడ మేడమ్

పై వాటాలో ఉండే భాషాశాస్త్రం ప్రొఫెసరుకి ఒకటే జబ్బు. ఎవరు ఏ బాధ చెప్పుకున్నా "ఎక్కడ? చేత్తో చూపించండి" అంటుంది. మనసులో ఉన్నది మాటలోకి సగమే వస్తుందనీ, మిగతా సగం చేతుల్లోకీ మొహంలోకీ పోతుందనీ ఆవిడ పరిశోధన. విద్యార్థులు ఆవిడకి ఎక్కడ మేడమ్ అని పేరు పెట్టారు.

కింద షాపులో ఆ విద్యార్థుల థీసిస్‌లకు అట్టలు వేసే బైండరుకి ఆవిడంటే హడలు. ఒకసారి ప్లంబరు, ఈ పాత పైపులతో ప్రాణం విసిగిపోయిందన్నాడు. ప్రాణం ఎక్కడుందో చూపించమంది. అతను గొంతు దగ్గర చూపించాడు. కిందటి వారం పొట్ట దగ్గర చూపించావు కదా, ఎప్పుడు పైకొచ్చిందని నోట్‌బుక్ తీసింది. ప్లంబరు పానా అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. ఇంటి ఓనరు కోపం నెత్తికెక్కిందని అరిస్తే, ఎక్కడ బయల్దేరిందని అడిగింది. ఆయన ఆలోచనలో పడి, ఎందుకు అరుస్తున్నాడో మర్చిపోయాడు.

బైండరు భార్య ఎనిమిది నెలలు మంచంలో ఉంది. ప్రొఫెసరు ఆమె పక్కన కూడా రోజూ కూర్చుని ఎక్కడ, ఎక్కడ అని అడిగేది. చావుబతుకుల్లో ఉన్న మనిషి మీద కూడా పరిశోధనేనా అని బైండరు లోపల్లోపల పళ్లు నూరేవాడు.

ఆమె పోయింది. కొన్నాళ్లకి షాపు తెరిచాడు. బావమరిదీ, ఇరుగుపొరుగు ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. పొద్దున్నించీ గుండె బరువెక్కిపోయిందన్నాడు బైండరు. ఎక్కదా మరి అని అందరూ తలలూపారు. మెట్లు దిగుతున్న ప్రొఫెసరు ఆగింది.

"ఎక్కడ? చూపించండి."

"మీకు వేళాపాళా లేదా అమ్మా?" అన్నాడు బావమరిది.

ఆవిడని వదిలించుకుందామని బైండరు చూపించాడు. బిగించిన పిడికిలి రొమ్ము మధ్య అదిమాడు. రెండో చెయ్యి దవడ పట్టుకుంది. ఆవిడ ఈసారి నోట్‌బుక్ తియ్యలేదు.

"ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. దుఃఖం చెప్పేవాళ్ల చెయ్యి ఇలా పోదు. ఆటో పిలవండి."

ఆసుపత్రిలో గుండె రక్తనాళం మూసుకుపోయిందన్నారు. స్టెంటు వేసి ఆరో రోజు ఇంటికి పంపారు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా స్టెంటు గురించే అడిగారు. భార్య ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

మళ్లీ షాపు తెరిచిన రోజు సాయంత్రం ప్రొఫెసరు వచ్చింది. బైండరు తల వంచుకుని, మా ఆవిడ చూపించినవన్నీ మీ నోట్‌బుక్‌లో ఉంటాయి కదా, ఒకసారి చూడనిస్తారా అన్నాడు.

"ఒక్క ముక్కా రాసుకోలేదండీ," అంది ఆవిడ. "ఎలా ఉందని అందరూ అడుగుతున్నారు, బాగుందని చెప్పీ చెప్పీ విసుగొస్తోంది, నువ్వైనా ఎక్కడ అని అడుగు అంది మీ ఆవిడ. అందుకే వచ్చేదాన్ని. చూపించిన చోట కాసేపు నిమిరేదాన్ని."

 బైండరు స్టూలు జరిపి ఆవిడని కూర్చోమన్నాడు. భార్యని మొట్టమొదట చూసిన రోజు దగ్గర మొదలుపెట్టాడు. చెబుతుంటే చేతులు వాటంతట అవే లేచాయి. మధ్యలో థీసిస్ కోసం ఒక విద్యార్థిని గుమ్మంలోకి వచ్చింది. మర్నాడు సమర్పించాలట. ప్రొఫెసరు వెనక్కి తిరగనైనా తిరగకుండా, గడువు రెండు రోజులు పొడిగించాను పొమ్మంది.

"ఊఁ, చెప్పండి," అంది బైండరుతో.