గేటు పైపులో తీగ

నలభై ఏళ్ళుగా ఈ మాట నాతోనే ఉంది. ఎవరికీ చెప్పలేదు. మీ తాతగారికి కూడా. నేను చెబుతూ పోతాను, నువ్వు రాసుకో అమ్మలూ. మధ్యలో ఆగితే ఆగనీ. తొందరపెట్టకు.

నిన్న గేటుకి మోటారు బిగించడానికొచ్చినవాళ్ళు దారి పగలగొడితే పాత ఇనప పైపు బయటపడింది కదా. ఇందులో తీగ లేదేమిటని వాళ్ళడిగితే, సింహాచలమని ఒక వైర్‌మేన్ మా నాన్నని మోసం చేశాడు అని మీ నాన్న చెప్పాడు. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. నేను లోపలికి వెళ్ళిపోయాను. రాత్రి అన్నం సయించలేదు.

సింహాచలం మోసం చెయ్యలేదు. ముందు అది రాయి.

డెబ్బైల చివర్లో ఈ ఇల్లు కట్టాం. మీ తాతగారు హైస్కూల్లో సైన్సు మాస్టారు. విశాఖపట్నంలో ఏదో కంపెనీ చూపించడానికి పిల్లల్ని తీసుకెళ్ళి, మీట నొక్కితే తెరుచుకునే గేటు చూసొచ్చారు. అంతే, ఎప్పటికైనా మనింటికీ అలాంటిదే అన్నారు. అప్పటికి మాకున్న బండి సైకిలొక్కటే! అయినా దారికి సిమెంటు పొయ్యకముందే వరండా నుంచి గేటు స్తంభం దాకా నేలలో పైపు వేయించాలని పట్టుబట్టారు. తర్వాత పగలగొట్టుకోనక్కర్లేదు కదా అని. సబబే. ముందు కారు కొనండి, గేటు నేను తీస్తాను అని నేనే ఎగతాళి చేసేదాన్ని.

ఆయన బడికెళితే పని దగ్గరుండి చూసింది నేను. సింహాచలం మోకాల్లోతు తవ్వించి పైపు వేశాడు. మట్టి కప్పకముందు నన్ను పిలిచాడు.

"అమ్మగోరూ, ఓపాలి ఇటు సూడండి. ఈ సివర నుంచి ఆ సివర దాకా లోపల తీగెట్టినాను. రేపు మోటారొచ్చినపుడు కేబులు దీనికి కట్టి అటునుంచి లాగితే బేగి వచ్చెస్తాది. ఇది నేకపోతే పైపున్నా దండగే. ముట్టుకోకండేం."

"మీ మాస్టారి రథం ఎప్పుడొస్తుందో ఏమిటో!" అన్నాను.

"వస్తాదమ్మా. మీ మనవలెక్కుతారు" అని నవ్వాడు. కొసలు రెండూ పైకి వంచి, చీమలు దూరకుండా పైపు నోట్లో గుడ్డపీలికలు కుక్కాడు.

చూశావా, ఎంత వివరంగా గుర్తుందో. గుర్తు లేకపోతే బాగుండేది.

మరుసటి ఏడు వానల్లో పెరట్లో దండెం తాడు తెగింది. తడి పంచెలు, పిల్లల యూనిఫారాలు, అన్నీ బురదలో. మళ్ళీ ఉతికి తాడు ముడేసి ఆరేస్తే మర్నాడు మళ్ళీ తెగింది. గేటు దగ్గర ఆ తీగ కొస కనబడింది. రాని గేటు కోసం భూమిలో ఊరికే పడుంది కదా అనుకున్నాను. నూతిలో చేద లాగినట్టు లాగాను. ఎంత సాఫీగా వచ్చిందో! దండెం కట్టేశాను.

సాయంత్రానికి భయం పట్టుకుంది. విప్పి తిరిగి దూర్చబోయాను. వంపు దగ్గర ఆగిపోయింది. ఎంత నెట్టినా కదల్లేదు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. ఆ తీగలోంచే జానెడేసి ముక్కలు రెండు కత్తిరించి, పైపు రెండు కొసల్లో గుచ్చి, పీలికలు కుక్కేశాను. మిగతాది మళ్ళీ దండేనికి కట్టాను. మీ తాతగారు దండెం కేసి చూసే మనిషి కాదు. రోజూ గేటు దగ్గర తీగ కొస చూసుకుని మాత్రం మురిసిపోయేవారు.

తీగ తీయడం తెలియక చేసిన పని. ముక్కలు గుచ్చడం అలా కాదు. తెలిసే చేశాను.

ఎనభైల్లో, గేటు దగ్గర దీపం పెట్టిద్దాం, మోటారు వైరు కూడా ఇప్పుడే లాగించేద్దాం అని మళ్ళీ సింహాచలాన్నే పిలిచారు. అతను కొస పట్టుకుని లాగాడు. జానెడు ముక్క ఊడొచ్చింది. అవతల కొస లాగాడు. అదీ అంతే.

"ఇదేటి సింహాచలం? రెండు ముక్కలు గుచ్చి కప్పెట్టేశావా?" అన్నారు మీ తాతగారు.

"నేదు మాస్టారూ! నిండా ఎట్టినాను. అమ్మగోరికి సూపించినాను కూడా. అడగండి."

ఆయన నా వైపు తిరిగారు. "చూపించాడా?"

"నేను వంటింట్లో ఉన్నానేమో. చూడలేదు."

అంతే అన్నాను. ఎందుకన్నాను? ఆయన కొడతారనా? ఏనాడూ చెయ్యెత్తిన మనిషి కాదు. ఈ ఇల్లు మా ఆవిడే దగ్గరుండి కట్టించింది, ఎక్కడా వంక పెట్టలేరు అని పదిమందిలో చెప్పుకునేవారు. ఆ మాట పోతుందని. ఇంత చిన్నదానికి, ఇంకేమీ కాదు.

సింహాచలం చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. నేను గుమ్మంలో ఉన్నాను. దండెం మీద బట్టలు. వాటి మధ్య తీగని వేలితో నిమిరి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఇప్పుడు అరుస్తాడనుకున్నాను. "ఎల్లొస్తానమ్మగోరూ" అని సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. నన్ను కాపాడాడా? తన మాట ఎవరు నమ్ముతారులే అనుకున్నాడా? ఈనాటికీ తెలీదు.

మీ తాతగారు ఊరుకోలేదు. స్టాఫ్‌రూములో చెప్పారు. అప్పుడు ఊరవతల బలిఘట్టం వైపు ముగ్గురు మాస్టార్లు ఇళ్ళు కట్టుకుంటున్నారు. ఒక్కరూ అతన్ని పిలవలేదు. కొన్నాళ్ళకి రోలుగుంటలో పంపుసెట్లు బాగుచేసుకుంటున్నాడని విన్నాను. ఒకసారి బస్టాండులో ఎదురుపడి నమస్కారం పెట్టాడు. నేను బస్సు బోర్డు చదువుతున్నట్టు తల తిప్పేశాను. రోలుగుంట ఎంత దూరం? రోజూ బస్సులున్నాయి. వెళ్ళలేదు. తర్వాత అతనూ పోయాడు, మీ తాతగారూ పోయారు. క్షమించమని అడగడానికి ఎవరూ లేరు. ఉన్నా అడిగేదాన్నో లేదో.

రాశావా? పైపులో తీగ పోయింది అని కాదు, మా నానమ్మ తీసింది, అబద్ధమాడింది అని రాయి.

మోటారువాళ్ళు భోజనాలు చేసి వచ్చినట్టున్నారు, సుత్తి చప్పుడు వినబడుతోంది. ఆ కాగితం పట్టుకో. మీ నాన్నని కూడా గేటు దగ్గరికి రమ్మను. ఆ మాట పడ్డది అక్కడే కదా, వాళ్ళందరి ముందూ అక్కడే చదువు. నేనూ వస్తాను. ఏదీ, చెయ్యివ్వు.