గాజుల జానయ్య గడియారాలు

గాజుల జానయ్య మనుషుల ముఖాలు చూడడు, మణికట్లు చూస్తాడు. పోచంపల్లిలో ఇరవై ఏళ్ళకు పైగా గాజులమ్మినా ఆయనకు ఊళ్ళో నలుగురి పేర్లు కూడా సరిగా వచ్చేవి కావు. ఆడవాళ్ళందరూ ఆయనకు సైజులే. "ఏం రెండున్నరా, పిల్లగానికి జరం తగ్గిందా?" "ఓ రెండుంపావూ, జర మంచినీళ్ళియ్యి బిడ్డా." ముందు చెయ్యి కనబడేది, చేతిని బట్టి గాజు గుర్తొచ్చేది, గాజును బట్టి ఇల్లు గుర్తొచ్చేది. మనిషి గుర్తొచ్చేసరికి ఆయన పక్క వీధిలో ఉండేవాడు.

మగవాళ్ళకు గాజులుండవు గనక వాళ్ళను గడియారాన్ని బట్టి గుర్తుపట్టేవాడు. గడియారం లేని మగవాణ్ణి జానయ్య గుర్తుపట్టిన దాఖలా లేదు. భువనగిరి బస్సులో గంటసేపు సొంత బావమరిది పక్కన కూర్చుని పోయి, దిగేటప్పుడు "ఏ ఊరు మీది?" అని అడిగిన మనిషి.

గడియారం ఉన్నవాడు కనబడ్డాడా, ఇక వాడి పని అయిపోయినట్టే. అడగడం లేదు, చెప్పడం లేదు. గాజులు తొడిగిన అలవాటుతో చెయ్యి చటుక్కున అందుకుని, చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకునేవాడు. రెండు నిమిషాలు అంతే. ఆ చేతికి అవతల ఒక మనిషి వేలాడుతున్నాడనీ, వాడికి వేరే పనులున్నాయనీ ఆయనకు పట్టేది కాదు. తర్వాత తీర్పు. అందులో రెండే మాటలు: "అసల్", "నకల్". దాని మీద అప్పీలు లేదు.

అవి జాగీర్దార్ల ఇళ్ళ సామాను హైదరాబాదు వీధుల్లో గుడ్డలు పరిచి అమ్ముతున్న రోజులు. అసలైన విలాయతీ గడియారాలూ, వాటి పేరు ముఖాన రాయించుకున్న దొంగ గడియారాలూ ఒకే గుడ్డ మీద పక్కపక్కన పడుకుని తళతళలాడేవి. గాజుల కోసం పట్నం పోయినప్పుడల్లా జానయ్య ఆ గుడ్డల ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్కదాన్నీ చెవికి పెట్టుకునేవాడు. అసలు దొరికితే కొనేవాడు. నకలు దొరికినా కొనేవాడు, లోపల పనికొచ్చే చక్రమేదైనా ఉంటుందని. ఇంటికొచ్చి ఒకదాని ముఖం ఇంకొకదాని మొండేనికి పెట్టి, సందు మిగిలితే లక్క పూసి, వారం రోజులు అన్నం సంగతి మరిచేవాడు.

"మా ఇంట్ల పందొమ్మిది గడియారాలున్నయి" అనేది ఆయన భార్య మల్లమ్మ. "పొద్దెంతెక్కిందో తెల్వాలంటే బయటికొచ్చి ఆకాశం సూడాలె."

నిజమే. పందొమ్మిదీ పందొమ్మిది వేళలు చూపించేవి. ఎవరైనా "జానన్నా, గంటెంతైంది?" అంటే, "అదెవనికెరుక! మిషన్ ఎంత మంచిగ కొట్టుకుంటాందో ఇను" అని చెవికి ఆనించేవాడు. అడిగినవాడికి బస్సు ఎప్పుడూ దొరికేది కాదు.

ఒకసారి అంగట్లో ఒక పోలీసు అమీన్ సాబ్ చెయ్యి పట్టుకున్నాడు. అమీన్ సాబ్ రెండో చెయ్యి లేపాడు చెంప పగలగొట్టడానికి. జానయ్య ఆ చేతిని చూడనే లేదు. "ఆగుండ్రి దొరా, సెకండు ముల్లు జారింది. గట్టిగ కదిలితే మిషన్ల బడతది" అన్నాడు. లేచిన చెయ్యి గాలిలో ఆగింది. ఆ పూటంతా అమీన్ సాబ్ గాజుల మూట మలారం పక్కన బోర్లించిన గంప మీద కూర్చుని, ముల్లు బిగించేదాకా కదలకుండా ఉన్నాడని, గాజులేసుకోవడానికొచ్చిన ఆడవాళ్ళు భయపడి వెనక్కి పోయారని చెప్పుకుంటారు.

ఇంకోసారి పెళ్ళిలో. పెళ్ళికొడుకు జీలకర్ర బెల్లం పెట్టడానికి చెయ్యెత్తాడు. పెళ్ళికూతురి గాజులు సర్దుతున్న జానయ్య చెవికి ఆ మణికట్టు సరిగ్గా ఎదురొచ్చింది. "నకల్!" అన్నాడు. సన్నాయి ఆగిపోయింది. మర్రిగూడ నుంచి వచ్చిన పెళ్ళికొడుకు తండ్రి కండువా దులుపుకుని లేచాడు.

"ఎవన్నిరా నకల్ అన్నది?"

"గడియారాన్ని బావా. పిల్లగాడు అసల్ సరుకే. కావాల్నంటే చెవు పెట్టి ఇనుండ్రి."

సైదమ్మకు ఈ కథలన్నీ తెలుసు. ఆమే రెండుంపావు.

ఆమె పెనిమిటి దశరథం మగ్గం మనిషి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడు, పట్నంలో తను నేసిన రుమాళ్ళు అమ్మి వస్తూ ఒక గడియారం కొనుక్కొచ్చాడు. మగ్గం అదురుకు పాడవుతుందని నేసేటప్పుడు దాన్ని విప్పి గుంజకు తగిలించేవాడు. పోగుకొకసారి దాన్ని చూసేవాడు. టైం చూడటానికి కాదు, ఉందా అని. బయటికి పోతే చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచేవాడు, చలికాలంలో కూడా. జానయ్య ఎప్పుడొస్తాడా అని గడపలో నిలబడి, రాగానే తనే చెయ్యి ముందుకు చాపాడు. ఆ ఊళ్ళో అడగకుండా చెయ్యిచ్చిన మగవాడు అతనొక్కడే.

జానయ్య విన్నాడు. వీధి వీధంతా చూస్తోంది.

"ముఖం మీద పదిహేడు రాళ్ళని రాసిండు. చక్రాలు తిరిగేటందుకు కడుపుల ఒక్క రాయి లేదు. నకల్."

"మల్లొక్కపారి ఇను జానన్నా."

"మల్ల ఇంటే రాళ్ళు పుడ్తయా?"

దశరథం ముఖం నల్లబడింది. "గాజులమ్ముకునేటోనికి గడియారమేం ఎరుకరా! రేపటి సంది నా గడపకు రాకు" అన్నాడు.

అప్పట్నుంచి సైదమ్మ ఎదురింటి నాగులమ్మ అరుగు మీద కూర్చుని గాజులేసుకోవాల్సొచ్చింది. నాగులమ్మకు అరవై దాటాయి, పెనిమిటి పోయి ముప్పై ఏళ్ళు. ఆ వీధికి కట్టుబాట్లన్నీ ఆమె చెప్పినట్టే. గాజులు తొడిగే చోట తను ఉండకూడదని లోపలికి పోయి, తలుపు వెనక నుంచి మాట్లాడేది. "పచ్చయి తీస్కోకే, గీ తాప నీలాలు బాగున్నయి." లోపలికి పోయిన మనిషికి నీలాలు ఎట్లా కనబడ్డాయో ఎవరూ అడగలేదు.

ఇంటికి పోగానే దశరథం మగ్గం దిగకుండా అడిగేవాడు.

"ఏమన్నడు?"

"ఎవలు?"

"గా గాజులోడు."

"నీలాలు నా చేతికి బాగున్నయన్నడు."

"గడియారం ముచ్చట రాలేదా?"

"రాలేదు."

"వస్తది" అనేవాడు. "ఒకనాడు ఆని నోటితోనే అసల్ అనిపిస్త సూడు."

మూడో ఏడు వానాకాలంలో జ్వరమొచ్చి దశరథం నాలుగు రోజుల్లో పోయాడు.

గడియారం గుంజకే ఉండిపోయింది. కీ ఇచ్చేవాడు లేక రెండో రోజే ఆగింది.

సైదమ్మ బతుకుదెరువుకు ఇళ్ళిళ్ళకు ఆసు పోసేది. నేతకు ముందు పోగును కొయ్య మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పే పని అది. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు పోయి రావాలి. ఇన్నాళ్ళూ చెయ్యి పోతే గాజులు ముందుకు జారేవి, వస్తే వెనక్కి జారేవి. ఆ చప్పుడు మగ్గం చప్పుడుకు జవాబులా ఉండేది. ఆమె చప్పుడు ఆగితే మగ్గం మీద నుంచి దశరథం "ఏమైందే?" అనేవాడు. ఇప్పుడు చెయ్యి పోయేది, వచ్చేది, ఎవరూ ఏమీ అనేవారు కాదు. చెయ్యి తేలికైపోయింది. పని మధ్యలో ఆమె ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టుకుని చూసుకునేది, అక్కడ ఉందా లేదా అని.

జానయ్య వారానికోసారి వచ్చేవాడు. "గాజులమ్మో గాజులు!" అని వీధి మొదట్లో కేకేసేవాడు. ఆమె ఇంటికి రెండిళ్ళ ముందు కేక ఆగేది. రెండిళ్ళు దాటాక మళ్ళీ మొదలయ్యేది. ఆ ఐదిళ్ళ నిశ్శబ్దంలో ఆయన చెప్పుల చప్పుడొక్కటే వినబడేది. సైదమ్మ లోపల గోడకానుకుని దాన్ని వినేది.

ఒక వారం ఆ చప్పుడుకు ఎదురొచ్చి గడపలో నిలబడింది.

"జానన్నా."

ఆయన ఆగాడు. అలవాటుగా చూపు మణికట్టు మీదికి పోయింది. అక్కడ పట్టుకోవడానికేమీ దొరకలేదు. దిక్కులేక చూపు పైకెక్కింది, మోచెయ్యి, భుజం, ముఖం.

"సైదమ్మవు గదా బిడ్డా" అన్నాడు.

తన పేరు ఆయనకు తెలుసని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

ఆమె గడియారం చాపింది. "దీన్ని నడిపియ్యి. ఇంకొక్కటి జానన్నా. 'ఆనాడు తప్పు జెప్పిన, ఇది అసలే' అని ఒక్క మాట అను. ఆయన ఇనకున్నా నేనింట."

జానయ్య కీ తిప్పి చెవికి పెట్టుకున్నాడు. ఎప్పటిలా రెండు నిమిషాలు కాదు, చాలాసేపు విన్నాడు.

"నకలే బిడ్డా."

"నీ నాలుక పడిపోను!" అంది సైదమ్మ. దశరథం పోయిన ఆరు నెలల్లో ఆమె గొంతు అంత పెద్దగా లేవడం అదే మొదలు. "ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయింది?"

"పడిపోతే పోనీ గని, గడియారం నా దగ్గరుండనియ్యి" అని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఒక వారం రాలేదు. రెండు వారాలు రాలేదు. వీధిలో మాటలు మొదలయ్యాయి. "నకల్ గడియారం తీస్కపోయినోడు అసల్ దొంగ" అని నాగులమ్మ తీర్పిచ్చింది.

మూడో వారం మల్లమ్మ వచ్చి సైదమ్మ గడప మీద కూలబడింది. "ఏం జెప్పినవే మా ఆయనకు? జాగీర్దారు ఇంటి గడియారమొకటుంది, నన్ను గూడ ముట్టనియ్యడు. దాన్ని విప్పి పేగులన్ని బయటికి తీసిండు. పెండ్లినాడు నా చెయ్యి పట్టుకున్నప్పుడు గూడ గంత వణకలే ఆయన చేతులు!"

మర్నాడు జానయ్య వచ్చాడు. మలారం దించి, గడియారం తీసి సైదమ్మ చెవికి ఆనించాడు. గుంజ మీద వినబడిన మోటు చప్పుడు కాదది. సన్నగా, ఒత్తుగా, ఎక్కడా తడబడకుండా నడుస్తోంది.

"పైదంత దశరథందే. కడుపుల పదిహేడు రాళ్ళున్నయి, లెక్కవెట్టుకో. ఇగ ఇను" అని గొంతు సవరించుకున్నాడు. వీధంతా వినబడేట్టు అరిచాడు. "అసల్! దశరథం గడియారం అసల్!"

తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఆనాడు నకలే. ఈనాడు అసలే. నేనెన్నడు అబద్ధం జెప్పలే బిడ్డా."

సైదమ్మ ఇంకా ఆ చప్పుడే వింటోంది. ఈలోగా ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, బొటనవేలి కింద ఎముకను ఒడుపుగా నొక్కి, వేళ్ళను దగ్గరికి మడుస్తున్నాడు.

"ఏం జేస్తున్నవన్నా? ఇది పట్టీ గదా, ఇప్పి కట్టేది!"

"అవ్ గదా" అని నాలుక్కరుచుకుని, పట్టీ విప్పి కట్టాడు. కొలత తీసుకోకుండా కోసిన పట్టీ రెండుంపావు చేతికి సరిగ్గా సరిపోయింది.

అప్పటికే నాగులమ్మ వీధి దాటి వస్తోంది. వెనక పదిమంది.

"ఓరి జానిగా! మొగుడు పోయిన పిల్ల చెయ్యి పట్టుకుంటవా, నడీధిల?"

"పట్టుకోకుంటే ఎట్ల కట్టాలె అవ్వా? దూరంకెల్లి ఇసిరెయ్యాల్నా?"

"అసలు కట్టుడేందిరా!"

"ఏం తొడగొద్దన్నరు?"

"గాజులు."

"ఇవి గాజులా?"

"కాదు."

"గడియారం పెట్టొద్దని ఎవలన్న జెప్పిన్రా?"

నాగులమ్మ ఆలోచించింది. వెనక పదిమందీ ఆమె నోరు చూస్తున్నారు. "మా కాలంల గడియారాలు లేకుండె" అంది చివరికి.

"గదే నేననేది. లేనిదాన్ని వద్దన్నోడెవడు?" జానయ్య మలారం మీద కూర్చోబోయి, గాజులు గుర్తొచ్చి నేల మీద కూర్చున్నాడు. "ఏడాదికింత మంది చేతులు తగ్గుతయి అవ్వా. నిన్నటిదాక నేనే తొడిగిన చేతులు. ఆ ఇండ్ల ముంగట కేకెయ్యరాదు. మరి ఆ చేతికేమియ్యాలె అని పట్నమంత ఎతికిన. గిది దొరికింది. ఇచ్చేది అసల్‌దియ్యాలె గదా. చెవు పెట్టి ఇనకుంటే ఎట్ల తెలుస్తది? మీరంత పిచ్చోడన్నరు."

"అడిగేటి ధైర్యం ఎవలకు లేకపాయె, ఇచ్చేటి ధైర్యం నాకు లేకపాయె. గీ పిల్లనే బయటికొచ్చి పిలిచింది" అన్నాడు జానయ్య మళ్ళీ.

నాగులమ్మ సైదమ్మ చెయ్యి పట్టుకుని, తప్పు పట్టడానికన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. చెవికి పెట్టుకుంది. వెనకున్న వాళ్ళు కాసేపు చూసి, మగ్గాలు గుర్తొచ్చి ఒక్కొక్కరే కదిలారు. నాగులమ్మ చెవి తియ్యలేదు.

"పిట్ట గుండె లెక్క కొట్టుకుంటాందే" అంది సైదమ్మతో, మెల్లగా.

తర్వాత అటు తిరిగి, ఎవరితోనూ కాకుండా, "నాకు టైం సూడ రాదు గని" అంది.

"మా ఇంటామెకు గూడ రాదు" అన్నాడు జానయ్య.

నాగులమ్మ తన అరుగు మీదికి పోయి కూర్చుంది. తలుపు వెనక్కి పోలేదు. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, కొంగు కింద నుంచి కుడిచెయ్యి బయటికి తీసింది. జానయ్య ముప్పై ఏళ్ళ ఖాళీ చేతిని అందుకుని, వేళ్ళతో చుట్టూ కొలిచాడు.

"ఎండింది గని మంచి చెయ్యే. నల్లపట్టీది ఒకటుంది. వచ్చే వారం తెస్త."

"నల్లదా?" అంది నాగులమ్మ.

"మల్ల?"

ఆమె ఇంకోసారి వీధి చూసుకుంది. సైదమ్మ గబుక్కున ఇంట్లోకి తిరిగింది, వినబడనట్టు. కానీ వినబడింది.

"ఎర్రది లేదారా?"