మాల్సున్ మామ్మ కాళ్లు కడిగిన వారం

వరసగా ఐదో ఆడపిల్ల పుట్టినప్పుడు, ఇదే ఆఖరు కావాలని తండ్రి ఆమెకు 'చివరిది' అని అర్థమొచ్చేలా మాల్సున్ అని పేరు పెట్టాడు. మొహం చిట్లించి స్వాగతం చెప్పిన లోకాన్ని మాల్సున్ కూడా ఆ తర్వాత జీవితమంతా మొహం చిట్లించే చూసింది. జొల్లా తీరంలోని ఆ ఊళ్లో ఆమె నోట మంచివాడనిపించుకున్న మనిషి లేడు. చేపలమ్మేవాడు దొంగ, ఊరిపెద్ద వాగుడుకాయ, కొత్త పాస్టర్ పాలు తాగే పసివాడు.

అయినా కొండవాలు మీది చిన్న చర్చిని పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఊడ్చేది ఆమే. శీతాకాలం ముందు, కాలు కదపలేని ముసలివాళ్ల ఇళ్లకు కారం పట్టించిన క్యాబేజీ పచ్చడి, కిమ్చీ డబ్బాలు మోసేదీ ఆమే. మోస్తూ తిట్టేది. "ఉప్పెక్కువైందని వంకలు పెడతారు, డబ్బా మాత్రం నాకి నాకి పంపిస్తారు, దిక్కుమాలినోళ్లు!" దాన్ని ఎవరైనా సేవ అంటే ఆమెకు ఒళ్లు మండేది. ఆ కిమ్చీలో పడే కారం మాత్రం తన వాకిట్లో, ఎండలో ఎండిన కాయలదే అయి ఉండాలి. యంత్రంలో ఎండబెట్టినవి బజారుకు. ఎండలో ఎండినవి దేవుడి పనికి. ఇందులో ఆమె ఎవరి మాటా వినదు.

ఆగస్టు చివర, పిల్లల సెలవులు ముగిసే వారం వచ్చేసరికి ఆ కాయలు సగం ఎండుతాయి. సరిగ్గా ఆ వారమే సియోల్ నుంచి సేవకులు దిగుతారు. పెద్ద చర్చి, పెద్ద బస్సు, అందరికీ ఒకే పసుపు రంగు చొక్కాలు, వీపున "ప్రేమతో సేవిద్దాం" అన్న అక్షరాలు. వేసవంతా చల్లటి గదుల్లో కూర్చుని, బడి తెరిచే ముందు పుణ్యం గుర్తుకొచ్చి, వారం రోజుల్లో మూట కట్టుకుపోదామని వచ్చే జనం. పాస్టర్ ఒక్కో కుటుంబానికి ఒక్కో ముసలి ప్రాణాన్ని అప్పజెప్పాడు. మాల్సున్ వంతుకు, ఆ పెద్ద చర్చి పెద్దల్లో ఒకడైన డీకన్ తాక్ కుటుంబం వచ్చింది.

తాక్ ఏదో కంపెనీలో మేనేజరు. దేవుడితో మాట్లాడినా కింది ఉద్యోగులతో మాట్లాడుతున్నట్టే ఉండే గొంతు. వెనకాల సంచులన్నీ మోసుకుంటూ భార్య హేరాన్. ఆ వెనక, ఫోన్లలో తలలు దూర్చిన ఇద్దరు పిల్లలు.

"మామ్మగారూ, ఈ వారమంతా మీరు పని ముట్టుకోకూడదు. మేం మీ బిడ్డలం అనుకోండి" అన్నాడు తాక్.

"నా బిడ్డలైతే ఈపాటికి చేలో ఉండేవాళ్లు" అంది మాల్సున్.

ఆయన నవ్వాడు. ముసలివాళ్లు ఏమన్నా నవ్వాలని వాళ్లకు బస్సులోనే నేర్పి ఉంటారు.

మొదటి రోజు వంటిల్లు సర్దారు. ఉప్పు ఎక్కడ పెట్టారో ఇప్పటికీ తెలియదు. మర్నాడు భుజాలు పిసికారు. చేలో పండిన కాయ కోయకుండా ఉండిపోతుంటే, ఊరిపెద్ద మైకులో పిలిచి పిలిచి ఆమెను సేవ చేయించుకోవడానికి రప్పించాడు. హేరాన్ ఒక్కతే, ఎవరూ చెప్పకుండానే, వాకిట్లో నల్ల వల మీద పరిచిన మిరపకాయల్ని ఒకసారి తిరగేసింది. మాల్సున్ అది చూసింది గానీ పెద్దగా లెక్కచేయలేదు. మొగుడి వెనక నోరు మూసుకుని నడిచే ఆడమనిషంటే ఆమెకు మొగుడికంటే ఎక్కువ చిరాకు.

వెళ్లే ముందు రోజు, యేసు శిష్యులకు చేసినట్టు, కాళ్లు కడిగే కార్యక్రమం. మాల్సున్‌ను అరుగు మీద కూర్చోబెట్టి, పళ్లెంలో గోరువెచ్చటి నీళ్లు పోసి, తాక్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. పక్కిళ్ల వాళ్లకు సేవ చేసే మరో రెండు పసుపు కుటుంబాలు కూడా చూడ్డానికి వచ్చాయి. ఆయన ఆమె పాదాల్ని నీళ్లలో పెట్టి, తడి చెయ్యి ఆమె నెత్తిన పెట్టి, కళ్లు మూసుకున్నాడు.

తాక్ ప్రార్థనకు మొదలే తప్ప చివర ఉండదు. సృష్టి దగ్గర ఎత్తుకున్నాడు. దేశం, రెండు ముక్కలైన జాతి, ప్రభుత్వం, సియోల్ చర్చి కొత్త భవనం ఒక్కొక్కటే దాటాడు. మాల్సున్ ఒంటికన్ను తెరిచి చూసింది. దీవి వెనక నుంచి మబ్బు నల్లగా లేస్తోంది. వాకిట్లో మిరపకాయలు ఎర్రగా మెరుస్తున్నాయి. ఇప్పుడు తడిస్తే మచ్చలు పడి కుళ్లిపోతాయి. ఈ ఏడు ఆ ముసలివాళ్ల ఇళ్లకు పట్టుకెళ్లడానికి ఏమీ మిగలదు.

లేవాలి. కానీ ప్రార్థన నడుస్తుండగా లేవడం ఆమె పుట్టి బుద్ధెరిగి చేయని పని. కొడుకు జ్వరంతో కాలిపోతున్న రోజున కూడా ఆమెన్ దాకా కూర్చుంది.

"ప్రేమగల తండ్రీ! ఈ ఇంటి మీద నీ కృపావర్షం కుమ్మరించు!" అన్నాడు తాక్.

'ఆయన మాట వినకు ప్రభువా' అనుకుంది మాల్సున్.

ఉరిమింది. తాక్ దాన్ని జవాబుగా తీసుకుని గొంతు పెంచాడు. "కుమ్మరించు తండ్రీ! ధారాళంగా కుమ్మరించు!"

మొదటి చినుకు చూరు మీద పడింది. మాల్సున్ ఊపిరి పీల్చుకుని, ఊరంతా వినపడేలా కేకేసింది. "యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమెన్!"

"ఆమెన్!" అన్నారు అలవాటు కొద్దీ పసుపు చొక్కాలన్నీ. తాక్ నోరు తెరుచుకునే ఉంది. అప్పటికే ఆమె పళ్లెం తన్నేసి, తడి కాళ్లతో వాకిట్లోకి పరుగెత్తింది. వెనకే హేరాన్ పరుగెత్తింది. తాక్ కూడా వచ్చాడు, వచ్చి వలకు ఒక చివర పట్టుకుని ఇష్టమొచ్చిన వైపు లాగాడు. సగం కాయలు బురదలో పడ్డాయి.

ఆ సాయంత్రం చర్చిలో సాక్ష్యాలు చెప్పుకున్నారు. తాక్ లేచి, తన ప్రార్థనకు ఆకాశం ఎలా తెరుచుకుందో, మామ్మగారు ఎలా పరవశించి ఆమెన్ అంటూ వానలోకి పరుగెత్తారో కన్నీళ్లతో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. పాస్టర్ మాల్సున్‌ను కూడా ఒక మాట చెప్పమన్నాడు.

ఆమె లేచింది. "పరవశమూ లేదు, పాడూ లేదు. నా మిరపకాయలు తడిసిపోతుంటే ఈయన ఆపడే! అందుకని నేనే ఆపాను. అవి లేవలేనోళ్ల కిమ్చీలోకి. రేపు పొద్దున ఒక్కో కాయా తుడిచి, కుళ్లకముందే గదిలో నేల కింద మంటపెట్టి ఆరబెట్టాలి. మీరు సేవకొచ్చారుగా, రండి."

ఎవరూ ఆమెన్ అనలేదు.

మర్నాడు ఆఖరి రోజు. బస్సు అందరినీ సముద్రానికి తీసుకెళ్లింది. అక్కడ ఇసుకలో పాటల కూటం నడిపించాల్సిన బాధ్యత తాక్ మీదే ఉందట. మాల్సున్ గుమ్మం దగ్గర నిలబడి ఆ పోయే బస్సును చూసి, ఉమ్మేసి, లోపలికెళ్లి మంట వెలిగించింది. కాసేపటికి, బస్సెక్కకుండా ఆగిపోయిన హేరాన్ వచ్చింది. పసుపు చొక్కా తీసేసి వచ్చింది.

చలికాలంలో కింద మంటపెట్టి వేడెక్కించుకునే గచ్చు మీద, ఆ ఎండాకాలంలో కూర్చుని ఇద్దరూ కాయలు తుడిచారు. ఘాటుకు దగ్గొచ్చింది, కళ్లు కారాయి. మచ్చపడినవి ఒక పక్క, నిలిచేవి ఒక పక్క. మధ్యాహ్నానికి నిలిచే కుప్పే పెద్దదైంది. అన్ని ఇళ్లకూ రావు. కొన్నిటికి వస్తాయి. ఏ ఇల్లు ఎగ్గొట్టాలో మాల్సున్ అప్పుడే మనసులో తిట్లతో సహా తేల్చుకుంటోంది.

"ఇంట్లోనూ అంతే మామ్మా" అంది హేరాన్ ఉన్నట్టుండి. "ఆయన ప్రార్థన అయ్యేసరికి అన్నం చల్లారిపోతుంది. పిల్లలు ఆకలితో చూస్తూ కూర్చుంటారు. పెళ్లయిన నాటి నుంచీ వేడన్నం తిన్న గుర్తే లేదు."

"మరి నువ్వు ఆమెన్ అనెయ్యొచ్చుగా?"

హేరాన్ చేతిలో కాయ ఆగిపోయింది. "అనొచ్చా?"

"నేనన్నానుగా. నా నెత్తిన పిడుగేమైనా పడిందా?"

హేరాన్ ఆమె నెత్తి వైపే చూసింది, నిజంగా చూసుకోవాలన్నట్టు. తర్వాత ముక్కూ కళ్లూ కారుతుండగా పడీ పడీ నవ్వింది. మాల్సున్‌కు ఆ నవ్వు నచ్చింది. అయినా మొహం చిట్లించే, "నవ్వింది చాల్లే, ఆ తొడిమలు కూడా తుడువు" అంది.