బొగ్గు రేవు

మా ఆయన పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చెక్క అచ్చులు చెక్కారు. ఆ అచ్చును ఇసుకలో అదిమి తీసేస్తారు, ఏర్పడ్డ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. బయటికి వచ్చేది ఇనుము, అందరూ చూసేదీ దాన్నే. "నా చేతి పని ఎవలూ సూడలే" అన్నారు రిటైరైన రోజు. మర్నాడే సొంత పని ఒకటి మొదలుపెట్టారు.

పాత పుస్తకాల బండిమీద దొరికిన బొమ్మ ఒకటి ఆయన దగ్గరుంది: నూట యాభై ఏళ్ళ కిందటి ఇంగ్లండులో, నది ఒడ్డున బొగ్గు దించే రేవు. దాన్నే బల్లమీద పట్టేంత చిన్న నమూనాగా చెక్కతో చెయ్యాలనుకున్నారు. మంజీర తప్ప ఇంకో నది ఎరగని మనిషికి ఆ పిచ్చి ఎందుకు పట్టిందో దేవుడికే తెలియాలి. రెండేళ్ళు మా బీరంగూడ ఇంట్లో డైనింగ్ టేబుల్ ఆయనదే, మేం నేలమీద తిన్నాం. నా టీ జల్లెడతో బొగ్గు జల్లించినందుకు మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

కానీ దగ్గరికి వెళ్ళి చూస్తే కోపం ఎక్కడ నిలుస్తుంది? కమానుల గోడ, దానిమీద బొగ్గు బండ్లు, కింద పడవలు, వేలితో తిప్పితే గొలుసును పైకి లాగే క్రేను. చీపురుపుల్లలు చీల్చి నిచ్చెనకు మెట్లు వేశారు. ఇలాంటి చేతులతో ఇన్నేళ్ళు కాపురం చేసి కూడా వాటిని చూడనే లేదని నాకు సిగ్గేసింది.

అన్నీ కూర్చే రోజు, కింద పరచడానికి కోయించిన పలకమీద గోడ పట్టలేదు. ఒక వేలి మందం ఎక్కువ. పలకను షాపువాడు మామూలు టేపుతో కొలిచి కోశాడు. ఈయనేమో అలవాటు కొద్దీ ఫ్యాక్టరీ స్కేలు పట్టారు. ఇనుము చల్లారితే కుంచించుకుపోతుందని ఆ స్కేలులో ప్రతి అంగుళమూ రవ్వంత పెద్దగా ఉంటుంది. ఇక్కడ చల్లారడానికి ఇనుమేది?

"ముప్పై ఏండ్లు చేసి గిదేనా నేను నేర్చుకుంది" అంటూ రంపం అందుకున్నారు. చివరి కమాను కోస్తే రెండేళ్ళ పని బూడిదే. చెయ్యి పట్టుకున్నాను.

"అన్నీ గదే స్కేలుతోని చేసినవ్ గద?"

"ఆఁ."

"ఇగ తప్పు పలకది. గోడను ముట్టకు. పలకనే పెద్దది కోయిద్దాం."

ఆయన రంపం కింద పెట్టారు.

కొత్త పలకమీద రేవు కుదురుగా కూర్చున్నాక, కరెంటు మీటరు చూడటానికి వచ్చినాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపలికొచ్చి, మోకాళ్ళమీద వంగి, పడవల మధ్య నుంచి చూశాడు.

"అబ్బ! ఎవలు చేసిండ్రు సార్ ఇది?"

ముప్పై ఏళ్ళలో ఆ మాట ఆయన్ను ఎవరూ అడగలేదు.

"నేనే చేసిన" అన్నారు, వేలితో క్రేను తిప్పి చూపిస్తూ.