గుద్దితేనే పేరు

రోజూ పొద్దున ఆరున్నరకి మా మామయ్య హాజరు పిలుస్తాడు. చేతిలో పుస్తకం ఉండదు. యార్డు మధ్యలో నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఒకసారి గొంతు సవరించుకుంటాడు.

"గేటూ!"

"వచ్చానండీ!"

"పెద్ద డ్రమ్మూ!"

"ఇక్కడున్నా మాస్టారూ!"

"చిన్న డ్రమ్మూ! నీళ్ల ట్యాంకూ! కొళాయీ!"

కొత్తగా చూసినవాళ్లు పాత సామాన్ల కొట్టేమో అనుకుంటారు. అది మామయ్య నడిపే లారీ డ్రైవింగ్ స్కూలు. పలికేవాళ్లంతా నేర్చుకోవడానికి వచ్చిన మనుషులే. కాకపోతే మామయ్య ఎవరినీ అమ్మానాన్నలు పెట్టిన పేరుతో పిలవడు. లారీ నేర్చుకుంటూ మొట్టమొదట ఎవరు దేన్ని గుద్దితే అదే వాళ్ల పేరు. ఆ పేరుకి తిరుగు లేదు.

నేను సాహిత్యంలో ఎం.ఏ. చేసి ఏం చెయ్యాలో తోచక ఇంట్లో కూర్చుంటే, మా అమ్మ నన్ను తీసుకెళ్లి తమ్ముడి ఆఫీసులో కూర్చోబెట్టింది. ఫారాలు నింపడం, ఫోను ఎత్తడం నా పని. నా గొంతు టేబులు దాటేది కాదు. మామయ్య గొంతు ప్రహరీ దాటేది. ఇద్దరిదీ కలిపి సగం చేస్తే స్కూలుకి సరిగ్గా సరిపోయేది.

ఎవరైనా దేన్నైనా గుద్దిన రోజు మామయ్య సంబరం చూడాలి. ధబ్‌మని చప్పుడు వినబడితే చాలు, తాగుతున్న టీ ఎక్కడిదక్కడ వదిలేసి, మెడలో ఈల ఊదుకుంటూ, చెప్పులు చెరోవైపు పారేసుకుంటూ పరిగెత్తేవాడు.

"రండి రండి! పేరొచ్చింది, పేరొచ్చింది!"

అందరూ మూగేవాళ్లు. గుద్దినవాడు బిక్కమొహంతో కిందికి దిగేవాడు. అప్పుడు మూడు ప్రశ్నలు.

"దేన్ని గుద్దావ్?"

"గేటునండీ."

"ఎందుకు గుద్దావ్?"

"ఎడమ అద్దం చూసుకోలేదండీ."

"ఎవరికి చెప్పాలి?"

"గేటు ఎవరిదో వాళ్లకండీ."

"చెప్పు మరి."

"మాస్టారూ, మీ గేటు వంచేశానండీ."

"శెభాష్! కొట్టండ్రా చప్పట్లు!"

చప్పట్లయ్యాక వాడి చేతికి సుత్తి ఇచ్చి, ఆ గేటుని వాడిచేతే సాపు చేయించేవాడు. స్కూలు పెట్టినప్పటినుంచీ గేటు అనే పేరుతోనే తొమ్మిది మంది లారీ నేర్చుకుని వెళ్లిపోయారు. సాపు చేసి చేసి ఆ గేటు, గాలికి ఆరేసిన దుప్పటిలా ఉండేది.

మా అమ్మకి ఇదంతా ఒళ్లుమంట. "పెళ్లాం పిల్లలున్న మనిషిని పట్టుకుని కొళాయి అంటావేంట్రా? బుద్ధుండక్కర్లా?"

"వాడు కొళాయే విరగ్గొట్టాడక్కా."

"అయితే మాత్రం?"

"పోనీ, పైపు అననా?"

ఒకరోజు ఒకావిడ ఆఫీసుకొచ్చి భర్త కోసం అడిగింది. పేరు చెప్పింది. ఫారం నింపింది నేనే అయినా నాకూ గుర్తురాలేదు. లేచి బయట ఉన్నవాళ్లని అడిగాను. ఆ పేరుగలవాళ్లు ఇక్కడ ఎవరూ లేరన్నారు. ఆవిడ కంగారుపడిపోయింది. "రోజూ ఇక్కడికే అని చెప్పి వస్తున్నారండీ! మరి ఎక్కడికి పోతున్నట్టు?" కళ్లలో నీళ్లు తిరిగాయి. మామయ్య వచ్చి, మనిషి ఎలా ఉంటాడమ్మా అన్నాడు. పొడుగ్గా, ఎర్రగా, కాస్త వంగి నడుస్తారంది. మామయ్య నుదురు కొట్టుకున్నాడు.

"మన కొళాయా! ఆ సంగతి ముందే చెప్పాలి కదమ్మా! ఒరేయ్ కొళాయీ, మీ ఇంట్లోవాళ్లొచ్చారు!"

మర్నాటినుంచి ఇంట్లో పిల్లలు కూడా అలాగే పిలుస్తున్నారని అతను మొర పెట్టుకున్నాడు. మొర పెట్టుకుంటూ నవ్వాడు కూడా.

లారీ నేర్చుకోవడం ఒకెత్తు, ఉద్యోగం దొరకడం ఇంకొకెత్తు. పేపరు తిరగేస్తే ప్రతి పేజీలో డ్రైవర్లు కావలెను అని ఉంటుంది. తీరా ఫోను చేస్తే మాత్రం ఇదీ వరస.

"అనుభవం ఉందా?"

"మీరు ఉద్యోగమిస్తే వస్తుందండీ."

"వచ్చాక పంపండి."

ఏడాది పాటు నేను ఇదే మాట ఇరవై కంపెనీల నోట విన్నాను. అలాంటిది ఒక సోమవారం బైపాసు పక్కన కొత్తగా గోదాము కట్టిన పార్సిలు కంపెనీ వాళ్లే ఫోను చేశారు. "అనుభవం అక్కర్లేదు. మా పరీక్ష నెగ్గితే చాలు. శనివారం ఆరుగురిని పంపండి."

ఫోను పెట్టేసి బయటికి పరిగెత్తి, "మామయ్యా, ఆరు ఉద్యోగాలు!" అని అరిచాను. అది నా గొంతేనని యార్డులో ఎవరూ నమ్మలేదు. మరుక్షణం గేటూ పెద్ద డ్రమ్మూ కావలించుకున్నారు. నీళ్ల ట్యాంకు హారను మీద చెయ్యి పెట్టి తియ్యడం మర్చిపోయాడు. మామయ్య ఊదిన ఈలకి పక్క వీధిలో బస్సు ఆగిందంటారు.

అందరిలోకీ ఎక్కువ ఆశ పెట్టుకున్నది టైలరమ్మ. నలభై దాటినావిడ. ఆవిడ భర్త పాత లారీ డ్రైవరు. ఆయనకి దూరపు చూపు అద్దాలకి కూడా అందనంతగా తగ్గిపోయింది. దగ్గర చూపు మాత్రం నిక్షేపంలా ఉంది. అందుకని మొగుడూ పెళ్లాం కూర్చుని ఆలోచించి పనులు మార్చుకున్నారు. ఆయన ఆవిడ కుట్టుమిషను దగ్గర కూర్చున్నాడు, ఆవిడ స్టీరింగు పట్టుకుంది. కొత్తగా నేర్చుకున్న ఆయన కుట్టే జాకెట్లకి చేతులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి వస్తున్నాయట. వచ్చే గిరాకీ పలచబడుతోంది. ఇక ఆవిడకి ఉద్యోగం దొరికితేనే ఇల్లు నిలబడేది.

ఆవిడ నడిపితే చూడముచ్చటగా ఉండేది. ఇరవై ఏళ్లు గుడ్డ కొలిచిన కన్ను! రివర్సులో గోడ దాకా వచ్చి, ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి చెప్పేది. "నాలుగు వేళ్లుంది మాస్టారూ." చెయ్యి పెట్టి చూస్తే సరిగ్గా నాలుగు వేళ్లే ఉండేది.

అదే వచ్చిన చిక్కు. నాలుగు నెలలైనా దేనికీ తగిలించలేదు. కాబట్టి పేరు రాలేదు. హాజరులో ఆవిడ వంతు రాగానే మామయ్య గొంతు తగ్గిపోయేది. "ఇంకా పేరు రాని అమ్మా..." "ఉన్నానండీ" అనేది ఆవిడ, ఏదో నేరం చేసినదానిలా.

శనివారం పంపే జాబితాలో ఆవిడ పేరు రాయద్దన్నాడు మామయ్య. నాకు ఒళ్లు మండిపోయింది.

"అందరికంటే బాగా నడిపేది ఆవిడే కదా మామయ్యా!"

"అందుకే పంపనంటున్నా."

"ఇదెక్కడి న్యాయం?"

"నడపడం వచ్చని నాకు తెలుసే. తగిలించిన రోజున ఏం చేస్తుందో నాకూ తెలీదు, ఆవిడకీ తెలీదు."

"తగిలించకపోతేనో?"

"లారీ తోలేవాళ్లలో అలాంటివాళ్లు ఇంకా పుట్టలేదు."

ఇక మొదలైంది. మంగళవారం మామయ్య డ్రమ్ములు దగ్గరికి జరిపాడు. ఆవిడ మధ్యలోంచి దారం సూదిలో దూరినట్టు వెళ్లిపోయింది. బుధవారం ఇంకా జరిపాడు. అద్దాలు మడిచి వెళ్లిపోయింది. గురువారం ఆవిడే విసుగెత్తి, "ఉండండి, ఇవాళ కావాలనే కొట్టేస్తా" అని కళ్లు మూసుకుని డ్రమ్ము మీదికి పోనిచ్చింది. లారీ బొటనవేలంత దూరంలో ఆగింది.

"కాలు నా మాట వినట్లేదు మాస్టారూ" అంది దిగులుగా.

మా ముసలి వాచ్‌మన్ తాత జాలిపడ్డాడు. "పోనీ, గాలి తగిలింది కదా. లెక్కలోకి తీసుకోరాదూ?"

"కుదరదు బాబాయ్" అన్నాడు మామయ్య.

శుక్రవారం మధ్యాహ్నం. టైలరమ్మ లారీని రివర్సులో తెచ్చి, రెండు డ్రమ్ముల మధ్య, వాలుగా ఉండే ఆ ఇరుకు మూలలో, గీత గీసినట్టు నిలబెట్టింది. ఎవరి వల్లా కాని పని. అందరూ ఎగిరి చప్పట్లు కొట్టారు. ఆవిడ మురిసిపోయి గబుక్కున దిగి ఇటు నడిచొచ్చింది. వెనకాల లారీ కూడా కదిలింది. మెల్లగా, ఎవరికీ చెప్పకుండా, వెనక్కి జారుకుంటూ పోయి మామయ్య స్కూటరు మీద ఆనుకుంది. స్కూటరు ముందు వంగింది, తర్వాత మూలిగింది, ఆ తర్వాత పడుకుంది.



"నేను కాదు!" అంది టైలరమ్మ. "దానంతట అదే... బ్రేకు పాడైనట్టుంది... నేను దిగేటప్పుడు బాగానే ఉంది!"

మామయ్య ఈల ఊదలేదు. ఆవిడకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"దేన్ని గుద్దావమ్మా?" అన్నాడు.

ఆవిడ వెనక్కి తిరిగి స్కూటరుకేసి చూసింది. "మీ స్కూటరుని."

"ఎందుకు?"

"హ్యాండ్‌బ్రేకు వెయ్యలేదు. చప్పట్లు విని మర్చిపోయాను. బ్రేకు పాడవలేదు. తప్పు నాదే మాస్టారూ."

అప్పుడు ఊదాడు ఈల! చెప్పుల్లేకుండా ఆ స్కూటరు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "స్కూటరు! మనకి స్కూటరొచ్చింది! ఒసేయ్, జాబితాలో రాయవే!"

సుత్తి పుచ్చుకుని కూర్చున్న టైలరమ్మ నాతో మెల్లగా అంది. "చూశావా అమ్మాయ్, నా నోటికి మొదట అబద్ధమే వచ్చింది. నేనలాంటిదాన్నని నాకే తెలీదు."

శనివారం కాయితాలు పట్టుకుని వాళ్లతో నేనే వెళ్లాను. రివర్సులో వచ్చి సరుకు ఎక్కించే అరుగుకి లారీని ఆనించాలి, అదీ పరీక్ష. టైలరమ్మ వంతు వచ్చేసరికి పరీక్ష పెట్టే ఆయన అటు తిరిగి ఫోనులో ఉన్నాడు. లారీ చక్కగా వచ్చింది. చివర్లో కొంచెం, కొంచెమే, పక్కకి జరిగింది. అరుగు మూలనున్న ఎర్రదీపం టప్‌మంది.

కంచె పక్కనుంచి చూసింది నేనొక్కదాన్నే. చెప్పకపోతే బావుండునని మనసులో అనుకున్నాను, ఆ మాట ఒప్పుకోవాలి. ఆయన ఫోను పెట్టేసి ఇటు తిరిగాడు, లారీ సరైన చోట ఉండటం చూసి కలం తీశాడు.

టైలరమ్మ దిగింది. ఈసారి హ్యాండ్‌బ్రేకు వేసి మరీ దిగింది.

"అయ్యా, మీ దీపం పగలగొట్టాను."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. మీరటు తిరిగున్నారు. కుడి అద్దం చూడటం ఆలస్యమైంది. తప్పు నాదే. సుత్తి ఉంటే ఇప్పించండి, దీపం చుట్టూ వంగిన రేకు నేను సాపు చేస్తాను."

ఆయన దీపాన్ని చూశాడు, ఆవిడని చూశాడు, తర్వాత అరుగుని చూశాడు. "ఈ అరుగు కట్టి నాలుగు నెలలమ్మా. దీని మీద ఇరవై రెండు దెబ్బలున్నాయి. అడిగితే ఒక్కటీ ఎవరిదీ కాదు. ఇంతకుముందు ఇంకేమైనా గుద్దారా?"

"నిన్న మా మాస్టారి స్కూటరండీ."

"ఆయనేమన్నారు?"

"చప్పట్లు కొట్టించారండీ."

ఆయనకి అనుమానమొచ్చి మిగతావాళ్లకేసి తిరిగాడు. "మీరో?"

"గేటండీ!" "డ్రమ్మండీ, పెద్దది!" "నీళ్ల ట్యాంకండీ!" అందరూ పోటీలుపడి చెప్పుకొచ్చారు. కొళాయి అయితే ఎన్ని అంగుళాల కొళాయో కూడా చెప్పాడు.

ఆరుగురిలో ఐదుగురికి ఉద్యోగాలొచ్చాయి. చిన్న డ్రమ్ము అరుగుకి పది అడుగుల దూరంలోనే ఆపేసి "ఇది చాలదాండీ?" అన్నాడు కాబట్టి వచ్చే నెల రమ్మన్నారు. నియామకం కాయితాల్లో మొదటిది టైలరమ్మదే.

ఆ కబురు వినగానే మామయ్య ఊపిరి అయిపోయేదాకా ఈల ఊదాడు. తర్వాత మొహం కడుక్కొస్తానని అసలు నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లాడు. ఎంతకీ రాలేదు.

వాచ్‌మన్ తాత నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "మీ మామయ్యకీ ఒక పేరుంది, తెలుసా అమ్మాయ్?"

"తెలీదు తాతా!"

"షట్టరు."

మామయ్య కొత్తగా లారీ ఎక్కిన వారంలోనే ఒక గోదాము షట్టరుని గుద్దాడట. భయపడి నోరు మెదపలేదట. నింద ఆ గోదాము వాచ్‌మన్ మీద పడి, అతని ఉద్యోగం పోయింది.

"మూడో రోజున మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. గోదాముకి వెళ్లి చెప్పాడు కూడా. వాళ్లు వాడి ఉద్యోగం కూడా పీకేశారు, నాది మాత్రం తిరిగివ్వలేదు. ఈ స్కూలు పెట్టగానే మొట్టమొదట నన్ను తీసుకొచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టాడు. అప్పటికింకా లారీ కూడా కొనలేదు. ఖాళీ యార్డుకి కాపలా కాశాను ఆర్నెల్లు." తాత పళ్లు లేని నోటితో నవ్వి, ట్యాంకు వైపు తిరిగి కేకేశాడు. "ఒరేయ్ షట్టరూ! ఎంతసేపు కడుక్కుంటావురా ఆ మొహం? అరిగిపోతుంది! ఇక్కడ అందరికీ టీ పెట్టించు!"

"వస్తున్నా బాబాయ్!" అని మామయ్య గొంతు వినబడింది. జీవితంలో మొదటిసారి అది ప్రహరీ దాటలేదు.

మామయ్యకి ఇప్పుడు అరవై రెండేళ్లు. ఆ పార్సిలు కంపెనీవాళ్లే అడిగి పిలిస్తే, మంగళవారాలు వెళ్లి అక్కడి కొత్త డ్రైవర్లకి ఆ మూడు ప్రశ్నల పాఠం చెబుతాడు. మిగతా ఆరు రోజులూ యార్డులోనే ఉంటాడు.