తలుపు మీది చేతిరాత

ముత్తుకూరులో మా ఆఫీసు ఒకటే గది. అందులో కూర్చుని కంప్యూటర్లో ఊళ్ళ మ్యాపులు తయారుచేయడం నా పని. నాకు మొదట్నుంచీ ఓపిక తక్కువ. ఆ సంగతి మా కీబోర్డుకి బాగా తెలుసు.

ఆ వారం ఒక సముద్రపొడ్డు పాలేనికి కొళాయిల పని. నా దగ్గర రెండు పట్టికలున్నాయి. ఒకదాంట్లో మ్యాపులోని ప్రతి ఇంటికీ, తలుపు మీద చూసి రాసుకొచ్చిన నంబరు. రెండోది పంచాయతీ జాబితా, అందులో ఇంటి నంబరూ ఇంటివాళ్ళ పేరూ. రెండింట్లోనూ ఉన్నది ఆ నంబరొక్కటే. దాన్ని పట్టుకునే కంప్యూటరు ఈ వరసని ఆ వరసతో కలుపుతుంది. కలిసిన ఇల్లు నీలమవుతుంది, కలవనిది తెల్లగా ఉండిపోతుంది. తెల్ల ఇంటికి కొళాయి రాదు.

పాలెమంతా నీలమైంది, ఒక్క ఇల్లు తప్ప. దాని నంబరు 2-47. జాబితాలో ఆ నంబరే లేదు. అక్కడేమో 5-18, ఒక ముసలామె పేరు, జత లేకుండా మిగిలాయి. సాయంత్రంలోగా మ్యాపు పంపాలి. నంబరు రాసుకొచ్చినవాళ్ళని తిట్టుకుంటూ స్కూటీ తీశాను.

తలుపు మీద నిజంగానే 2-47 ఉంది.

"అది పాత పాలెంలో నంబరు పాపా," అంది గుమ్మంలో కూర్చున్న అవ్వ. "సముద్రం పైకొస్తా ఉంటే గోడలు ఆడే వదిలేసినాం, తలుపులు మోసుకొచ్చినాం. అందరూ పాతది చెరిపి కొత్తది రాసుకున్నారు. నాది పెట్టెలో కాగితం మీద ఉండాది."

కాగితం మీద 5-18. మ్యాపులో ఉన్నదే ఇంటి మీదా కనిపించాలని మా పైవాళ్ళ పట్టు. పాతది చెరిపేద్దామని నేను వెంటనే పక్కింట్లో కిరసనాయిలు అడిగి, దాంతో గుడ్డ తడిపి తలుపు మీద పెట్టబోయాను.

అవ్వ నా చెయ్యి పట్టేసుకుంది.

"వద్దమ్మా. పడవకి పూసినాక మిగిలిన రంగుతో మా ఆయన రాసినాడు. ఆయనకి అచ్చరాలు రావు, అంకెలే వచ్చు. ఆయన చేతిరాత నాకు ఇంకేడా లేదు. కొళాయి లేకపోతే మాననీ, బోరింగు దాకా నడుస్తా."

బోరింగు పాలెం అవతల ఉంది. వాచిపోయిన ఆమె మోకాళ్ళకేసి చూసి సిగ్గుతో చచ్చిపోయాను.

ఎదురింట్లో పడవ రంగు అడిగి తెచ్చి, తలుపు పక్కన గోడ మీద 5-18 రాశాను. కోడి కెలికినట్టుందని అవ్వ నవ్వింది. ఆఫీసుకొచ్చి మ్యాపు పట్టికలో నంబరు మార్చాను. 2-47ని తీసేయడానికి చేతులు రాలేదు, 'పాత నంబరు' అని ఇంకో గడి పెట్టి అందులో ఉంచాను. మళ్ళీ కలిపితే ఇల్లు నీలమైంది. గదిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

నీళ్ళొచ్చిన రోజు చూడ్డానికెళ్ళాను. మొదటి బిందెతో అవ్వ తలుపు కడుగుతోంది. పీచుతో గట్టిగా రుద్దుకుంటూ వచ్చి, 2-47 దగ్గర పీచు కింద పెట్టేసింది. అక్కడ మాత్రం తడి అరచేత్తో మెల్లగా తుడిచింది.